యాక్సిడెంట్ అయింది, అవతలివాడు క్యాష్ అడుగుతున్నాడు: గాజువాక తమ్ముడికి

గాజువాక నుంచి డాలస్ వచ్చి ఏడు నెలలైందన్నావు. నలుగురు రూమ్మేట్లు తలా కొంత వేసుకుని కొన్న పాత కారు, సిగ్నల్ దగ్గర ఎడమకి తిప్పుతుంటే ఎదురుగా వచ్చే బండికి తగిలింది. "పోలీసులూ ఇన్సూరెన్సూ ఎందుకు, ఎనిమిది వందల డాలర్లు పంపించెయ్" అంటున్నాడు అవతలాయన. పంపనా వద్దా అని నీ ప్రశ్న.

పంపకు. మన వైజాగ్ ఎన్‌ఏడీ జంక్షన్లో అయితే నలుగురు పోగవుతారు, ఎవరో పెద్దాయన తీర్పు చెబుతాడు, బంపర్ ఖర్చు చేతిలో పెడితే ఎవరి దారి వాళ్ళది. ఇక్కడ అలా తెగదు, టెక్సాస్‌లో గాయాలకి దావా వెయ్యడానికి రెండేళ్ళ గడువుంది. ఇవాళ ఎనిమిది వందలు తీసుకున్న మనిషి మూడు వారాల తర్వాత మెడనొప్పని లాయర్‌ని పట్టుకోవచ్చు. ఆ రోజుకి నువ్వు మీ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పనే లేదనుకో, ఆలస్యం చేశావని వాళ్ళు పేచీ పెడతారు. డబ్బూ పోతుంది, కేసూ మిగులుతుంది. ఎనిమిది వందలంటే ఇంటి దగ్గర అరవై వేల పైమాటే, గుర్తుంచుకో.

మనవాళ్ళు కొత్తలో చేసే తప్పులన్నీ మొదటి పావుగంటలోనే జరిగిపోతాయి. వాటిలో పెద్దది "సారీ". మనకది మర్యాద మాట; పోలీసు ఆఫీసర్ రిపోర్టులోకి ఎక్కితే తప్పు ఒప్పుకున్నట్టు వాదించొచ్చు. టెక్సాస్‌లో తప్పుని శాతాల్లో పంచుతారు, నీ వాటా 50 దాటితే అవతలివాళ్ళ నుంచి నీకు పైసా రాదు. రెండోది "నాకేం కాలేదు". మెడ, నడుము నొప్పులు చాలాసార్లు మర్నాడు గానీ బయటపడవు. "ఇప్పటికి తెలియడం లేదు, డాక్టర్‌కి చూపించుకుంటాను" అను, అదే నిజం కూడా. ఏ లేన్లో ఉన్నావు, ఏ లైటు వెలిగింది, ఎంత వేగం, అంతవరకే ఆఫీసర్‌కి చెప్పు. ఊహించి చెప్పకు. అవతలి కంపెనీవాళ్ళు ఫోన్ చేసి మాటలు రికార్డు చేస్తామంటే ఒప్పుకోవలసిన పని లేదు, మా కంపెనీతో మాట్లాడండని పెట్టెయ్.

బండి కదిలితే ముందు పక్కకి తీసి హజార్డ్ లైట్లు వెయ్యి. దెబ్బలుంటే వెంటనే అత్యవసర నంబర్ 911కి ఫోన్ చెయ్యి. ఎంత చిన్నదైనా ఆగకుండా వెళ్ళిపోతే అది నేరం. తర్వాత ఫోటోలు: రెండు బండ్లూ, సిగ్నలూ, లేన్ గీతలూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా దూరం నుంచి, ఆ తర్వాత దగ్గర నుంచి. అవతలివాళ్ళ నంబర్ ప్లేటు, లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు కూడా. కార్డుని ఊరికే ఫోటో తీసి జేబులో పెట్టుకుంటే చాలదు, గడువు తేదీ చూడు. వాళ్ళ బండికి డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో, డాష్‌బోర్డ్ మీద సన్నటి రేకు కనిపిస్తుంది. దాని మీద అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి, అదే బండి గుర్తింపు నంబర్. కార్డు మీద ఉన్నవీ అవీ ఒకటేనా కాదా అన్నది అక్కడే పోల్చుకో. పాత బండి కార్డు చూపించేవాళ్ళూ, గడువు తీరిన కార్డు చూపించేవాళ్ళూ ఉంటారు. ఆఫీసర్ వస్తే కేసు నంబర్ అడుగు. రిపోర్టు తర్వాత ఆరు డాలర్లకి ఆన్‌లైన్లో దొరుకుతుంది.

బండిని లాక్కెళ్ళే టో ట్రక్ పిలవకుండానే వస్తే ఎక్కించకు. ఎక్కించాక యార్డులో రోజుకింతని అద్దె పెరుగుతూ పోతుంది. మీ కంపెనీకి ఫోన్ చేసి వాళ్ళు చెప్పిన చోటికే పంపించు.

నీ విషయంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టేది వేరే ఉంది. కారు నలుగురిది, పాలసీ ఒకడి పేరు మీద. మిగతా ముగ్గురి పేర్లూ చెబితే ప్రీమియం పెరుగుతుందని దాచారా? ఒకే అడ్రస్‌లో ఉండి రోజూ నడిపేవాళ్ళ పేర్లు పాలసీలో ఉండాలి. ఎప్పుడో ఒకసారి అడిగి తీసుకెళ్ళిన స్నేహితుడి సంగతి వేరు. నెలకి కొన్ని డాలర్లు మిగుల్చుకోబోయి, క్లెయిమ్ వేళకి మొత్తం పాలసీనే చిక్కుల్లో పడేస్తారు మన పిల్లలు.

ఇంకోటి, కనీస పాలసీ. టెక్సాస్ చట్టం అడిగేది ఒక మనిషి గాయాలకి 30,000, మొత్తం గాయాలకి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. కొత్త పికప్ ట్రక్ ఒక్కటి నుజ్జయితే ఆ 25,000 చాలదు, పైది నీ నెత్తిన పడుతుంది. పైగా ఆ పాలసీ నీ బండి బాగుచేయించదు, దానికి కొలిజన్ అనే కవరేజీ విడిగా ఉండాలి. పిప్ అని ఒకటుంది, తప్పెవరిదైనా నీకూ నీ బండిలో ఉన్నవాళ్ళకీ వైద్యం ఖర్చిస్తుంది, దాని పరిమితి 2,500 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే ఆదుకునే కవరేజీ ఇంకోటి. రెండూ కంపెనీ ఇవ్వజూపాలి, వద్దంటే రాతపూర్వకంగా చెప్పాలి. చదవకుండా "వద్దు" దగ్గర సంతకం పెట్టేసేది మనవాళ్ళే. అంబులెన్స్ ఒక్కసారి ఎక్కితే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ నడుపుతున్నాను, ఈ రెండింటిలో ఏదీ ఏనాడూ వదులుకోలేదు.

నీ తప్పెంత అన్నావు. గుండ్రటి ఆకుపచ్చ లైటుకి తిప్పి ఉంటే తప్పు దాదాపు నీదే, ఎదురుగా నేరుగా వచ్చేవాళ్ళకే ముందు హక్కు. ఎడమకి ఆకుపచ్చ బాణం వెలిగి ఉంటే లెక్క మారుతుంది. మద్దిలపాలెంలో ముక్కు దూర్చితే ఎదుటివాడే బ్రేకు వేస్తాడు, ఇక్కడ వెయ్యడు. పోలీసులు టికెట్, అంటే జరిమానా కాగితం, ఇచ్చారా? దాని మీదున్న తేదీలోగా కోర్టుకి జవాబివ్వు, ఊరుకుంటే వారంట్ దాకా పోతుంది.

ఇవాళే పాలసీ ఎవరి పేరు మీదుందో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కంపెనీకి ఫోన్ చెయ్యి. జరిగింది జరిగినట్టు చెప్పి క్లెయిమ్ నంబర్ రాసుకో. అవతలాయనకి ఆ నంబర్ మెసేజ్ పెట్టు, ఇంకే మాటా వద్దు. ఇంటికి మాత్రం ఇప్పుడే చెయ్యకు. ఈ వేసవిలో మనకి సాయంత్రం ఆరంటే గాజువాకలో తెల్లవారుజామున నాలుగున్నర, ఆ వేళ ఫోన్ మోగితే మీ అమ్మగారు హడలిపోతారు. ఇక్కడ రాత్రి తొమ్మిదయ్యాక, నాన్నగారు కాఫీ తాగే వేళకి చెయ్యి. డబ్బు పంపనా అంటారు. అవసరం లేదని చెప్పు.