ముందు మారనిదేదో అడగండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఐదో తరగతి. గైడులో ఉన్న గోళీల లెక్కను టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, మార్చి ఇచ్చాను: ‘గోదాములో తేజ, బ్యాడిగి రకాల టిక్కీలు 5:4 నిష్పత్తిలో ఉన్నాయి. 21 తేజ టిక్కీలు అమ్మాక నిష్పత్తి 2:3 అయింది. మొదట తేజ ఎన్ని?’ అమ్మాయి అయిదులోంచి రెండు తీసేసి, 21ని మూడుతో భాగించి, వాటా 7, తేజ 35 అంటోంది. జవాబు 45. నేను ఎక్స్ పెట్టి చేయగలను, తనకు అది ఇంకా రాదు. ఎలా చెప్పాలి?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: టిక్కీలుగా మార్చి చాలా మంచి పని చేశారు. రోజూ నాన్న నోట వినే మాట గనుక సరుకు పాప కళ్ల ముందు కదులుతుంది.

తప్పు అని మీరు చెప్పకండి, తననే సరిచూసుకోమనండి. తేజ 35 అయితే బ్యాడిగి 28. తేజలో 21 పోతే 14 మిగులుతాయి. 14:28 అంటే 1:2. రావలసింది 2:3. ఎక్కడో తేడా ఉందని తనకే తెలుస్తుంది.

అప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ‘అమ్మినది తేజ కదా, మరి బ్యాడిగి మారిందా?’ మారలేదు. కానీ మొదటి నిష్పత్తిలో బ్యాడిగి 4 వాటాలు, రెండో దానిలో 3 వాటాలు. అదే సరుకును ఒకసారి నాలుగుగా, ఇంకోసారి మూడుగా పంచారన్నమాట. అంటే రెండు చోట్లా వాటా సైజు ఒకటి కాదు. పాప వేరు వేరు సైజుల వాటాలను ఒకదానిలోంచి ఒకటి తీసేసింది. విజయవాడలో నేను పాఠం చెప్పినన్నాళ్లూ తెలివైన పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే జారడం చూశాను.

నాలుగుకూ మూడుకూ కుదిరే సంఖ్య 12. బ్యాడిగిని రెండు చోట్లా 12 చేయండి: 5:4 కాస్తా 15:12, 2:3 కాస్తా 8:12 అవుతాయి. ఇప్పుడు చింతగింజలు తీసుకుని నేల మీద పైవరుసలో 15, కింద 12 పేర్చమనండి. పైవరుసలోంచి ఏడు తీస్తే ఎనిమిది మిగులుతాయి. తీసిన ఆ ఏడు గింజలే 21 టిక్కీలు. గింజకు మూడు. పదిహేను గింజలకు 45. ఆ ఏడు గింజలూ పాపే తన చేత్తో తీయాలి, మీరు తీయకండి.

ఒక గోదాములోంచి ఇంకో గోదాముకు సరుకు మారిస్తే మాత్రం రెండు సంఖ్యలూ మారతాయి, మొత్తం మారదు. తల్లీకూతుళ్ల వయసుల లెక్కలో ఇద్దరి మధ్య తేడా మారదు. అందుకే పెన్సిలు పట్టకముందే మారనిదేదో నోటితో చెప్పించండి.

రేపు ఈ లెక్క ఇవ్వండి: రెండు గోదాముల్లో టిక్కీలు 5:3. మొదటి దానిలోంచి ఆరు రెండో దానికి మారిస్తే సమానమయ్యాయి. మొదట ఎన్నెన్ని? 30, 18 అని వచ్చాక, గింజలను ఎలా పేర్చిందో కూడా అడగండి.