గుంటూరు లూథరన్ సంఘాన్ని అమెరికా చర్చి నడుపుతుందా?

నడపదు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) 1927లోనే సొంత సంఘంగా ఏర్పడింది. పాస్టర్ల నియామకం, ఆస్తులు, ఎన్నికలు అన్నీ ఇక్కడివాళ్ళ చేతిలోనే ఉంటాయి.

సంబంధం మాత్రం చాలా పాతది. 1842 జులై 31న హయ్యర్ అనే మిషనరీ అమెరికా నుంచి గుంటూరు చేరారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. ఆడవాళ్ళు మగ డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి జంకే రోజుల్లో ఆమె వైద్యం మొదలుపెట్టారు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ 'కుగ్లర్ ఆసుపత్రి' అని ప్రేమగా చెప్పుకుంటారు. గుంటూరులోని ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ కూడా ఆ అమెరికా లూథరన్ మిషన్ పెట్టిందే.

అప్పుడు అమెరికావాళ్ళు పంపేవాళ్ళు, మనం అందుకునేవాళ్ళం. ఇప్పుడు భాగస్వామ్యం అంటే ఒకరికోసం ఒకరు ప్రార్థన చేయడం, రాకపోకలు, చదువు, వైద్యం లాంటి పనుల్లో చేయి కలపడం. నా దృష్టిలో రాకపోకలే అసలు విలువైనవి. ఒకరి ఇంట్లో కూర్చుని భోంచేశాక ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్క తగ్గిపోతుంది.

డబ్బు సంగతికొస్తే, విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. కాబట్టి అనుమతి లేకుండా ఎవరి సొంత ఖాతాకో పంపమంటే ఒప్పుకోవద్దు.