గుర్రం మొండికేసిందా, అలిసిపోయిందా?

పశువుల డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో. యలహంక అవతల ఒక రైడింగ్ స్కూల్లో రెండేళ్ళు స్వారీ నేర్చుకున్నాను. పోయిన ఏడాది వర్క్ అండ్ హాలిడే వీసా మీద ఆస్ట్రేలియా వెళ్ళి, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఒక పశువుల స్టేషన్లో (అంటే పెద్ద పశువుల క్షేత్రంలో) మూడు నెలలు పనిచేశాను. ఒకరోజు నా గుర్రం కుంటుతోందని మూడేళ్ళ ఆడగుర్రాన్ని ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకు జీను వేశాం. మూడు వందల పైచిలుకు పశువుల్ని దూరపు బీడు నుంచి యార్డుకు, అంటే దొడ్డికి, తోలాలి. పదింటి దాకా బ్రహ్మాండంగా చేసింది. ఆ తర్వాత ఒక పెయ్య మాటిమాటికీ మందలోంచి విడిపోతుంటే నేనూ మాటిమాటికీ దాని వెంటబడ్డాను. మధ్యాహ్నానికి గుర్రం తల ఎగరేయడం మొదలుపెట్టింది. కాళ్ళతో అదిమినా కదల్లేదు. యార్డు గేటు దగ్గర నిలబడిపోయింది. పెయ్య రాసుకుంటూ పోయింది, నేను కింద పడ్డాను. లేచి, కోపంలో పగ్గం కొసతో రెండు వేశాను. సాయంత్రం పశుకాపరుల పెద్ద, హెడ్ స్టాక్‌మన్ "రెండు రోజుల పని ఒక్క రోజులో చేయించావు" అని మాత్రం అన్నాడు. మర్నాడు నేను తాడు పట్టుకుని వెళ్తే వెనక్కి తిరిగి నిలబడింది. వచ్చి ఎనిమిది నెలలైనా అదే గుర్తొస్తోంది. అది మొండికేసిందా, అలిసిపోయిందా? నాకెలా తెలియాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, యలహంక

జవాబు: బాబూ, అలిసిపోయింది. అది మీకూ తెలుసు కాబట్టే ఇన్నాళ్ళకు ఉత్తరం రాశారు.

అలసట అనగానే మనం కాళ్ళు చూస్తాం. పిల్లగుర్రానికి ముందు అలిసేది బుర్ర. పాత గుర్రమైతే పశువు చెవి కదిలిందంటే అది ఎటు తిరగబోతోందో పసిగడుతుంది. మూడేళ్ళదానికి ప్రతి మలుపూ కొత్తే. పైన మీరు, ముందు పెయ్య, దుమ్ము, అరుపులు. పదింటి దాకా దాని చెవి ఒకటి మీ వైపూ ఒకటి పశువు వైపూ తిరుగుతూ ఉండి ఉంటుంది. బుర్ర అలిసిన గుర్రం చెవులు ఆ పని మానేసి పక్కలకు వాలతాయి. ఈగ లేకపోయినా తోక విసురుతుంది. మీరు అడిగినదానికి బదులు అర క్షణం ఆలస్యంగా వస్తుంది. తల ఎగరేయడం ఇవన్నీ అయ్యాక. మీరు చూడటం మొదలుపెట్టింది అక్కణ్ణించి.

ఎముకల సంగతి కూడా ఉంది. మూడేళ్ళు వచ్చేసరికి ముంగాలి మోకాలి పై ఎముకలో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, అందుకే ధైర్యంగా పనిలో పెడతారు. వెన్నుపూసలకు మాత్రం అయిదున్నర, ఆరేళ్ళు పడుతుంది. మనం జీను వేసేది మోకాలి మీద కాదు కదా.

ఇక చెమట. జీను అంచున సబ్బు నురగలా కట్టేది చూశారా? గుర్రం చెమటలో లాథరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, ఆ నురగ దానివల్లే. మన చెమట కంటే అందులో ఉప్పూ ఎక్కువే. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి దాహం సరిగ్గా తెలియదు. నీళ్ళు చూపించినా తాగలేదంటే దాహం లేదని కాదు.

పదింటికి దిగాల్సింది. పొట్ట కింది పటకా రెండు రంధ్రాలు వదులు చేసి, నీడలో నిలబెట్టి, దవడ ఎముక కింది అంచున వేళ్ళు పెట్టాల్సింది. పురికొసంత నాడి తగులుతుంది. వేలి కింద అటూ ఇటూ జారుతుంది, మొదటిసారి ఎవరికీ దొరకదు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఊరికే నిలబడ్డ పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. ఎండ్యూరెన్స్ (చాలా దూరం స్వారీ చేసే) పందేల్లో సాధారణంగా 64కి దిగితే గానీ డాక్టర్లు తర్వాతి దశకు వదలరు. పావుగంట ఆగినా దిగకపోతే ఆ రోజుకి జీను విప్పేయడమే. పై పెదవి ఎత్తి చిగురు కూడా నొక్కి చూడండి, తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో గులాబీ రంగుకు రావాలి.

నాకు అసలు కోపం వచ్చింది మీరు "వెంటబడ్డాను" అన్న చోట. పశువు భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. గీతకు వెనక నుంచి దగ్గరకొస్తే ముందుకు పోతుంది, ముందు నుంచి వస్తే వెనక్కి తిరుగుతుంది. తోక వెనక తరిమితే ఇంకా జోరుగా పరిగెడుతుంది, అంతే. ఎడంగా చుట్టు తిరిగి, భుజానికి ముందు గుర్రాన్ని నడకలో చూపిస్తే చాలు. అన్నట్టు, మీరు తోలింది బ్రాహ్మన్ జాతి అయితే ఆ మూపురం, గంగడోలు చూసే ఉంటారు. అమెరికాలో ఆ జాతిని తయారుచేసినప్పుడు గిర్ పశువులతో పాటు మన ఒంగోలు నెత్తురూ కలిసింది. 1933లో అక్కణ్ణించి ఆస్ట్రేలియా చేరాయి. మాది కందుకూరు పక్క, ఈ మాట చెప్పకుండా ఉండలేను. ఒంగోలు పెయ్యను వెనక నుంచి తరిమి గెలిచినవాణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు.

మిమ్మల్ని తిట్టే అర్హత నాకూ పెద్దగా లేదు. నలభై ఏళ్ళ కిందట హెసరఘట్ట బీళ్ళలో, కంచె దాటిపోయిన నాలుగు హళ్ళికార్ జాతి పెయ్యల కోసం నాలుగేళ్ళ గుర్రం మీద వెళ్ళాను. ఒక మోరీ దగ్గర ఆగిపోయింది. మడమలతో పొడిచాను. గట్టు మీద మేకలు కాస్తున్న కుర్రాడు "నీరు కుడిసిద్రా సార్?" అన్నాడు. నీళ్ళు పట్టారా అని. పట్టలేదు. హెబ్బాళ కాలేజీలో పశువైద్యం చదివి, జేబులో స్టెతస్కోపు పెట్టుకుని తిరిగే మొనగాణ్ణి నేను.

దెబ్బల విషయం: మీరు పడి, లేచి, దులుపుకుని కొట్టారు. గేటు దగ్గర ఆగినందుకు అని దానికి అర్థం కాదు, మీరు దగ్గరకొస్తే నొప్పి అని అర్థమవుతుంది. మర్నాడు వెనక్కి తిరిగిందంటే అదో కారణం. ఇంకోటి వీపు. సాయంత్రం జీను తీశాక తడి అంతా ఒకేలా ఉందా, మధ్యలో అరచేయంత పొడి మచ్చలున్నాయా? ఉంటే అక్కడ జీను గట్టిగా నొక్కి ఉండొచ్చు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. యలహంకలో ఎక్కే గుర్రానికైనా ఈ ఆదివారం నుంచి చూడండి.

ప్రశ్న: మా వీధిలో ఆవులు రోడ్డు మధ్యలో నిలబడి, వెనక నుంచి ఎంత హార్న్ కొట్టినా జరగవు. ఆఫీసుకు రోజూ లేటు, టెన్షన్. ఏం చేయాలి?
– ఒక స్కూటర్ గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, సరిగ్గా తోక వెనక ఉంటే మీరు దానికి కనబడరు. కాస్త పక్కకు వచ్చి, భుజానికి కొంచెం వెనగ్గా ఆగి, అది ఎటు పోవాలో అటు దారి వదలండి. హార్న్ వద్దు. బెంగళూరు ఆవుకు హార్న్ పుట్టినప్పటి నుంచీ అలవాటే.