సీటు ఎవరు పట్టుకుంటారంట?

కర్నూలు,
మంగళవారం

పాపా,

"అమ్మ సైకిల్ నేర్చుకుంటుందంట తాతా" అని నీ కొడుకు ఫోన్‌లో పకపకా నవ్వాడు. 37 ఏళ్లకు దీనికిదేం బుద్ధి అని నేనూ వాడితో కలిసి నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం అరుగు మీద కూర్చుని, నా మేనకోడలు అనంతపురం రోడ్ల మీద బెల్లు కొట్టుకుంటూ పోతున్నట్టు ఊహించుకుని మురిసిపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మీ అమ్మకు చెబితే ఆమె ఒక్కటే అడిగింది: "సీటు ఎవరు పట్టుకుంటారంట?" నేను నోరు తెరిచేలోపే కందిపప్పు ధర మీదికి పోయింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. టైర్లలో గాలి నిండుగా కొట్టించు. చున్నీ ఇంట్లో వదిలెయ్. చైను ఉండేది కుడివైపు కాబట్టి ప్యాంటు కుడికాలు అంచు మడిచి రబ్బరు బ్యాండు వేసుకో. టవర్ క్లాక్ రద్దీ వైపు ఈ నెలంతా కన్నెత్తి చూడొద్దు. ఆర్ట్స్ కాలేజీ మైదానంలాంటి చోటు, గట్టి నేల చూసుకో. మైదానం అంచులకు పోకు, పల్లేరుకాయలుంటాయి, పంచరు ఖాయం. గాలి గురించి నీకు నేను చెప్పాలా? మీ వైపు కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? ఆషాఢం గాలి పక్కనుంచి తోసిందంటే బాగా తొక్కేవాడే తూలతాడు. తెల్లవారుజామునే పోయి, ఎండ ఎక్కకముందే ఇంటికొచ్చెయ్.

ఇక అసలు పని. పెడల్స్ రెండూ పీకెయ్. నవ్వకు. షాపులో అడిగితే నిన్ను పిచ్చిదానిలా చూస్తారు, నువ్వే పీక్కో. ఎడమ పెడల్‌కు మర తిరకాసుగా ఉంటుంది, మామూలు బోల్టు విప్పినట్టు విప్పబోతే ఇంకా బిగుస్తుంది. పానా తగిలించి పైకి నిలబెట్టు, దాని పిడిని వెనక చక్రం వైపు లాగు. రెండు వైపులా అదే లెక్క. తర్వాత సీటు బాగా దించు, కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాలి. అట్లా కూర్చునే మైదానమంతా నడువు. అది అలవాటయ్యాక రెండు కాళ్లతో నేలను తన్ని, కాళ్లు ఎత్తి, పోయినంత దూరం పోనీ. ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్ అటే కొంచెం తిప్పు. భయం రెండోవైపు లాగుతుంది, దాని మాట వినకు. ముందు చక్రాన్ని చూడకు, ఎదురుగా దూరంగా ఉన్న చెట్టును చూడు. కాలు ఆనకుండా 30 అడుగుల దూరం జారిపోగలిగిన రోజు పెడల్స్ బిగించుకో. తొక్కడం కాళ్లకు దానంతటదే వస్తుంది.

ఈ ఒరుగుడూ తిప్పుడూ నీ చేతులకే తెలియాలి పాపా. వెనకనుంచి సీటు పట్టుకుని ఎవరైనా పరిగెత్తారంటే ఆ పని వాళ్లు చేసేస్తారు, నీకు రాదు. నీ మొగుడు పట్టుకుంటానన్నా వద్దను. వాళ్లు వదిలేశాకే అసలు సంగతి బయటపడుతుంది.

1976లో నాకు 17, మీ అమ్మకు 14. మా నాయన సైకిల్‌కు అడ్డంగా బారు ఉండేది, లంగా ఓణీతో దాని మీద కుదరదు. అర్ధ రూపాయి ఇచ్చి గంటకు ఒక లేడీస్ సైకిల్ అద్దెకు తెచ్చాను. కేసీ కాలువ, అదే కర్నూలు-కడప కాలువ, దాని గట్టు మీదికి తీసుకుపోయాను. ఆ కాలువను తెల్లదొరల కాలంలో పడవలు నడవడానికి కూడా తవ్వారు కదా, గట్టు మీద దారి బాగుండేది. "వదలనంటే వదలను, ఒట్టు" అన్నాను. నిజంగానే ముప్పావు గంట సీటు పట్టుకుని పరిగెత్తాను. ఇంకా పది నిమిషాలే ఉంది, ఆలస్యమైతే ఇంకో అర్ధ రూపాయి అడుగుతారు. పిల్లకు ఎంతకీ రావడం లేదు. నాకు చికాకు పుట్టింది. వదిలేశాను.

పోయింది పాపా. చక్కగా పోయింది. ఆ సంబరంలో "పట్టుకునే ఉన్నా, తొక్కు, తొక్కు" అని అరిచాను. ఆ గొంతు వీపు వెనకనుంచి వినబడాలి కదా, ఇరవై గజాల దూరం నుంచి వినబడింది. మీ అమ్మ తల వెనక్కి తిప్పింది. తలతోపాటు హ్యాండిలూ తిరిగింది. కాలువ వైపు రాళ్ల మీదికి దొర్లింది. నీళ్లలో పడలేదు, అదొక్కటే దేవుడి దయ. ఎడమ చేయి ఆనించింది, మణికట్టు విరిగింది. ఆసుపత్రికి డబ్బులెక్కడివి, కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది.

ఇంట్లో "పరిగెత్తుతూ జారిపడ్డాను" అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. ఇప్పటికీ సంగటి కెలికేటప్పుడు చూడు, తెడ్డు కుడిచేత్తోనే తిప్పుతుంది, ఎడమ చేత్తో కుండను పట్టుకోలేక, దానికి కట్టె అడ్డం పెట్టి కాలితో తొక్కిపెడుతుంది. నువ్వు అదేదో అలవాటు అనుకుని ఉంటావు. మళ్లీ సైకిల్ ముట్టలేదు.

నీ పదేళ్లప్పుడు సెలవులకొచ్చి సైకిల్ నేర్పమని నా వెంట పడ్డావు, గుర్తుందా? రేపు, రేపు అని నెల గడిపి, చివరికి ఆడపిల్లకు సైకిలెందుకే అని కసిరాను. నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు. అప్పుడు నా నోటికి దొరికిన సాకు అది. నిన్ను చూస్తే ఆ గట్టే కనబడేది. 27 ఏళ్లు ఆలస్యం చేసింది నేనే.

నువ్వూ పడతావు. సీటు కిందికి ఉంటే కాలు ముందు ఆనుతుంది, చేతిదాకా రాదు. అయినా మణికట్లకు గట్టి గ్లౌజులు వేసుకో, తలకు హెల్మెట్ పెట్టుకో. ఏ బ్రేకు ఏ చక్రానిదో సైకిల్ ఎక్కకముందే నొక్కి చూసుకో. మన సైకిళ్లకు మామూలుగా కుడిచేతిది ముందు చక్రానిది. అదొక్కటే గట్టిగా నొక్కితే ముందుకు ఎత్తేస్తుంది, రెండూ కలిపి మెల్లగా నొక్కు. ఎవరైనా పిలిస్తే తల తిప్పకు. ఆగు, కాలు కింద పెట్టు, అప్పుడు చూడు. నీ కొడుకు పిలిచినా సరే.

మీ అమ్మకు ఈ ఉత్తరం సంగతి చెప్పకు. సీటు ఎవరు పట్టుకుంటారని అడిగితే ఎవరూ పట్టుకోరని చెప్పు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. పానా కొనకు, నా దగ్గర 15 నంబరుది ఉంది. నేను గేటు దగ్గర కూర్చుంటా, నోరు తెరవను.

మీ మామ