మారిషస్ సభలో 70 మంది ‘ఉంటారా’, ‘ఉండవచ్చా’?

ప్రశ్న: ఉన్నత పాఠశాల పిల్లల కోసం మారిషస్ పాలనపై వ్యాసం రాస్తూ, “మారిషస్ పార్లమెంటు 70 మంది సభ్యులను కలిగి ఉంటుంది; వీరిలో 62 మంది ఎన్నుకోబడినవారు, 8 మంది నామినేటెడ్ సభ్యులు” అన్నాను. వ్యాసం చూసిన పెద్దలొకరు ‘సభ్యులను కలిగి ఉంటుంది’ని కొట్టివేసి ‘సభ్యులతో కూడి ఉంటుంది’ అని దిద్దారు. రెంటిలో ఏది సరైనది? ‘పార్లమెంటు’ అనాలా, ‘శాసనసభ’ అనాలా? స్పీకరును ఈ లెక్కలో చేర్చాలా?

సమాధానం: క్రియ సంగతి ముందు చెబుతాను. అయితే మీ వాక్యంలో అంతకన్నా పెద్ద చిక్కు ‘70 మంది’, ‘నామినేటెడ్’ అనే మాటల దగ్గర ఉంది. ఈ సమాధానంలో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

‘కలుగు’ అకర్మక క్రియ. ‘ఆమెకు సంతానం కలిగింది’, ‘నాకు సందేహం కలిగింది’ అనే వాక్యాల్లో కలిగినది కర్తగా నిలుస్తుంది, ఎవరికి కలిగిందో ఆ పదానికి ‘కు’ చేరుతుంది. ‘సభ్యులను కలిగి’ అన్నప్పుడు ఆ క్రియకు ద్వితీయా విభక్తిని తగిలిస్తున్నాం. చట్టాల అనువాదాల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ ఈ ప్రయోగం పాతుకుపోయింది కనుక దీన్ని తప్పని తోసివేయను. కానీ ‘సభలో ఇంతమంది సభ్యులుంటారు’ అని చెప్పడానికి ‘ఉండు’ ఒక్కటే చాలినప్పుడు ఇంత బరువు ఎత్తుకోవడం దేనికి? విశేషణంగా కావలసివస్తే ‘62 మంది సభ్యులు గల సభ’ అనండి; అక్కడ ‘ను’ అవసరమే రాదు.

పెద్దలు చేసిన దిద్దుబాటు వ్యాకరణం దృష్టితో చూస్తే నిర్దుష్టమే. ‘శాంతితో కూడిన జీవితం’ వంటివి మనం రోజూ వాడుతున్నాం. అయితే చట్టసభ దగ్గరికి వచ్చేసరికి ‘కూడు’కు ప్రత్యేకార్థం ఉంది. ‘సభ కూడింది’ అంటే సమావేశమైందని అర్థం. మారిషస్ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షస్థానంలో ఉన్నవారు కాక మరో 17 మంది హాజరైతే కోరం ఉన్నట్టే. కాబట్టి సభలో ఎందరు సభ్యులుంటారన్నది ఒక సంగతి, ఎందరితో సభ కూడుతుందన్నది మరొక సంగతి. ఈ రెండూ కలగాపులగం కాకుండా ఉండాలంటే ఇక్కడ ‘కూడి’ని కూడా వదిలేయడమే మేలు. ‘ఎన్నుకోబడినవారు’ బదులు ‘ఎన్నికైనవారు’ అనండి. దాని గురించి అంతకన్నా చెప్పవలసింది లేదు.

ఇక అంకెలు. మారిషస్ ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలున్నాయి. ఒక్కొక్క దాని నుంచి ముగ్గురు ఎన్నికవుతారు. దూరంగా తూర్పున ఉన్న రోడ్రిగ్స్ ద్వీపం 21వ నియోజకవర్గం, అక్కడినుంచి ఇద్దరు. మొత్తం 62 మంది. ఇలాంటి చోట వాడుకోవడానికి తెలుగులో చక్కని ప్రత్యయం ఉంది: ‘20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి సభ్యులు’. మనుషులకైతే ‘ముగ్గురేసి’, స్థానాలకైతే ‘మూడేసి’. ‘ముగ్గురేసి చొప్పున’ అని రెండూ కలిపితే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. ఏదో ఒకటి చాలు. మన లోక్‌సభ నియోజకవర్గానికి ఒక్కరే ప్రతినిధి కావడం వల్ల మన పిల్లలకు ఈ పద్ధతి కొత్తగా ఉంటుంది, కనుక ఒక వాక్యం అదనంగా రాయండి: అక్కడి ఓటరు మూడు ఓట్లూ వేసి తీరాలి, రోడ్రిగ్స్‌లోనైతే రెండూ వేయాలి, తక్కువ వేస్తే ఆ బ్యాలెట్ చెల్లదు.

మీరు లెక్కించిన మిగతా 8 మంది విషయంలో ‘ఉంటారు’ అన్న క్రియ నిలవదు. తెలుగు క్రియలో ‘ఉంటారు’ అంటే నియమం, ‘ఉన్నారు’ అంటే ఇప్పటి స్థితి, ‘ఉండవచ్చు’ అంటే అవకాశం. 62 మంది ఉంటారు. ఆపైన 8 మందికి మించకుండా ఉండవచ్చు. 2019 ఎన్నికల తరువాత 8 స్థానాలూ నిండి 70 మంది అయ్యారు. 2024 నవంబరు ఎన్నికల తరువాత నాలుగే నిండడంతో సంఖ్య 66 దగ్గర ఆగింది. ‘8 మంది వరకు’ అని రాద్దామని మీకు తోచవచ్చు. ఉత్తరంలోనో కబురులోనో అది బాగుంటుంది కాని, ‘పెళ్లికి వందమంది వరకు వచ్చారు’ అంటే సుమారు వంద అనే మనవాళ్లు అర్థం చేసుకుంటారు. నూటపది మంది వచ్చినా ఎవరూ తప్పుపట్టరు. రాజ్యాంగం విధించిన పరిమితి అలా సుమారుగా ఉండదు కనుక ‘మించకుండా’ అనే మాటే కావాలి.

ఇప్పుడు ‘నామినేటెడ్’. మనకు రాజ్యసభలో రాష్ట్రపతి నియమించే 12 మంది తెలుసు కాబట్టి ఎన్నిక కాని సభ్యులెవరైనా నామినేటెడ్ సభ్యులేనని కలం దానంతటదే రాసేస్తుంది. మారిషస్‌లో ఈ స్థానాలు ఎవరి ఇష్టం మీదా ఆధారపడవు. ఎన్నికలలో పోటీ చేసి ఓడినవారికి మాత్రమే, ఒక లెక్క ప్రకారం, ఎన్నికల పర్యవేక్షక సంఘం వీటిని కేటాయిస్తుంది. అక్కడివారు ఈ పద్ధతిని ‘బెస్ట్ లూజర్’ అనే అంటారు. ఆ పేరును తెలుగు లిపిలో అలాగే ఉంచి, సభ్యులను ‘కేటాయింపు ద్వారా వచ్చినవారు’ అంటే సరిపోతుంది.

ఆ లెక్క ఎలా సాగుతుందో తెలిస్తే ‘కేటాయింపు’ అనే మాటనే ఎందుకు పట్టుకున్నానో తేటపడుతుంది. రాజ్యాంగం జనాభాను నాలుగు సముదాయాలుగా చూస్తుంది: హిందువులు, ముస్లింలు, చీనా సంతతివారు, ఈ మూడింటిలో దేనికీ చెందనట్టు తమ జీవన విధానాన్ని బట్టి కనిపించే ‘సాధారణ జనాభా’. (వీటిని ‘మతాలు’ అనకండి, మూడోది వంశాన్ని బట్టి, నాలుగోది మిగిలినవారిని బట్టి ఏర్పడ్డాయి. ‘సముదాయం’ అన్నింటికీ వర్తిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్లిన మన తెలుగువారి సంతతికి ఉగాది నాడు అక్కడ ప్రభుత్వ సెలవు ఉన్నా, ఈ లెక్కలో మాత్రం వారికి విడిగా గడి లేదు. హిందూ సముదాయంలోనే చేరతారు.) ఒక్కొక్క సముదాయపు జనసంఖ్యను, దానికి అప్పటికే వచ్చిన స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ మొత్తంతో భాగిస్తారు. భాగఫలం ఎక్కువగా వచ్చిన సముదాయానికి ప్రాతినిధ్యం అందరికన్నా తక్కువగా ఉందని అర్థం. ఆ సముదాయపు ఓడిన అభ్యర్థుల్లో తన నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవారికి స్థానం దక్కుతుంది. ఈ భాగహారానికి నేటికీ 1972 జనాభా లెక్కలే ఆధారం, ఎందుకంటే ఆ తరువాతి లెక్కల్లో సముదాయాన్ని అడగడం మానేశారు. తాతల నాటి జనసంఖ్యతో మనుమల సభను సరిచూడడం న్యాయమా అన్న చర్చ అక్కడ ఏళ్లుగా సాగుతోంది. నా మట్టుకు ఆ చర్చలో బలం ఉందనే అనిపిస్తుంది.

మొదటి నాలుగు స్థానాలకు పార్టీతో పని లేదు. వాటివల్ల గెలిచిన పార్టీల మధ్య తూకం చెదిరితే సరిచేయడానికి తక్కిన నాలుగూ ఉద్దేశించినవి. 2024లో ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలనూ ఒకే కూటమి గెలుచుకుంది. 1982లోనూ 1995లోనూ ఇలాగే జరిగింది. ఓడిన అభ్యర్థే లేని కూటమికి అదనపు స్థానం ఇద్దామన్నా కూర్చోబెట్టడానికి మనిషి ఉండడు. అందువల్లనే ఈ స్థానాలు ఖాళీగా మిగిలిపోవడం సాధ్యమవుతుంది, అందువల్లనే మీ ‘70 మంది ఉంటారు’ ఒక్కొక్కసారి నిజమై ఒక్కొక్కసారి కాకుండా పోతుంది.

‘పార్లమెంటు’, ‘శాసనసభ’ అన్నవి అక్కడ ఒకటి కావు. మారిషస్ రాజ్యాంగంలో పార్లమెంటు అంటే దేశాధ్యక్షుడూ జాతీయ అసెంబ్లీ కలిసి. మన దగ్గర రాష్ట్రపతీ రెండు సభలూ కలిస్తే పార్లమెంటు అయినట్టే. అధ్యక్షుడిని అసెంబ్లీయే ఎన్నుకుంటుంది కాని ఆయన అందులో సభ్యుడు కాడు. కాబట్టి సభ్యుల సంఖ్య చెప్పేటప్పుడు ‘జాతీయ అసెంబ్లీ’ అనే అనాలి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి 1992 మార్చి 12న గణతంత్రమయ్యేదాకా దాని పేరు లెజిస్లేటివ్ అసెంబ్లీ. ఆ కాలం గురించి రాస్తే ‘శాసనసభ’ అతికినట్టు సరిపోతుంది.

మీ వ్యాసంలో ఈ మాటలు పెట్టవచ్చు: “మారిషస్ జాతీయ అసెంబ్లీకి 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు, మొత్తం 62 మంది ఎన్నికవుతారు. వీరు కాక, ఓడిన అభ్యర్థుల్లో 8 మందికి మించకుండా కేటాయింపు ద్వారా సభ్యులు కావచ్చు.”

స్పీకరును ఈ లెక్కలో ఊరికే చేర్చకూడదు. సభ్యుల్లోనుంచి స్పీకరును ఎన్నుకుంటే ఆ వ్యక్తి ఇదివరకే లెక్కలో ఉన్నట్టు. బయటి వ్యక్తిని ఎన్నుకోవడానికీ అక్కడి రాజ్యాంగం అనుమతిస్తుంది, 2019లోనూ 2024లోనూ అలాగే చేశారు; అప్పుడు మాత్రం ‘66 మందీ, స్పీకరూ’ అని విడిగా రాయాలి. అటార్నీ జనరల్ సభ్యుడు కానప్పుడు సభలో కూర్చుని మాట్లాడవచ్చు కాని ఓటు వేయలేరు, కాబట్టి ఆయన ఏ లెక్కలోకీ రారు.