బేస్‌మెంట్‌లో కట్టెల స్టవ్: ముందు చిమ్నీ దారి తేల్చుకోండి

మిషిగన్‌లోని నోవైలో మీ ఇంటి బేస్‌మెంట్‌లో కట్టెల స్టవ్ పెట్టించాలంటే ఏది కొనాలి, పొగగొట్టం పక్కగోడలోంచి బయటకు తీస్తే సరిపోతుందా అని అడిగారు. మేము దగ్గర్లోనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. 2023 ఫిబ్రవరి ఐస్ స్టార్మ్‌లో కరెంటు పోతే మా ఇంట్లో హీటింగ్ ఆగిపోయింది. గ్యాస్ ఉంది, కానీ కరెంటు లేకుండా ఫర్నేస్ బ్లోయర్ (వేడి గాలిని ఇంట్లోకి తోసే ఫ్యాన్) తిరగదు. పిల్లలు కోట్లు వేసుకునే పడుకున్నారు. ఆ తర్వాతే బేస్‌మెంట్‌లో స్టవ్ పెట్టించాం, బాగా పనిచేస్తోంది. అయితే ఏ బ్రాండ్ అన్నది ఇప్పుడే చూడకండి. చిమ్నీ ఎటునుంచి పైకి వెళ్తుందో తేలాకే మిగతావి.

ఎందుకంటే, చలికాలంలో ఇంట్లోని వెచ్చటి గాలి పైకి లేచి పై అంతస్తు సందుల్లోంచి పోతూ ఉంటుంది. దాని స్థానంలోకి బయటి గాలి కిందినుంచి వస్తుంది. ఈ లాగుడు బేస్‌మెంట్‌లోనే ఎక్కువ. గోడలోంచి తీసి ఇంటి బయట నిలబెట్టిన గొట్టం మన మిషిగన్ చలికి చల్లబడిపోతుంది, అందులోని గాలి బరువెక్కి కిందికి దిగుతుంది. వెలిగించగానే గదంతా పొగ కమ్మితే కనీసం మనకు తెలుస్తుంది. అసలు ప్రమాదం అర్ధరాత్రి. మంట ఆరి నిప్పులే మిగిలినప్పుడు గొట్టం చల్లబడి గాలి తిరగబడిందంటే, ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. అప్పటికి పొగ ఉండదు కాబట్టి ఎవరూ లేవరు. పిల్లలున్న ఇల్లు కదండీ, ఇందులో మాత్రం ఖర్చు చూసుకోవద్దు.

అందుకే మేము చిమ్నీని ఇంటి లోపలి నుంచే తీసుకెళ్ళాం. కింద స్టవ్, దాని మీదుగా మొదటి అంతస్తు క్లోజెట్, ఆపైన ఇంకో క్లోజెట్, అక్కడినుంచి పైకప్పు. బట్టలకు చోటు తగ్గింది, బిల్లు పెరిగింది, కానీ గొట్టం వెచ్చగా ఉంటుంది, పొగ నేరుగా పైకి పోతుంది. ఇలా తీసుకెళ్ళడానికి క్లాస్ ఎ చిమ్నీయే (కట్టెల పొగ వేడిని తట్టుకునేలా చేసిన ఇన్సులేటెడ్ లోహపు గొట్టం) వాడాలి. చుట్టూ ఉన్న కర్రకు గానీ, ఇంటి ఇన్సులేషన్‌కు గానీ తగలకుండా గొట్టానికి సాధారణంగా 2 అంగుళాల ఖాళీ, ప్రతి అంతస్తు దగ్గర ఫైర్‌స్టాప్ (మంట పైకి పాకకుండా అడ్డుకునే పలక) ఉండాలి. పైకప్పు దాటాక కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తులో ఉండాలి.

మాకు కొటేషన్ ఇచ్చిన ఒక కాంట్రాక్టర్, గ్యాస్ వాటర్ హీటర్ గొట్టంలోనే కలిపేస్తే చవకలో అయిపోతుందన్నాడు. మేము అక్కడితో మాటలు ఆపేశాం. కట్టెల స్టవ్‌కు దాని గొట్టం దానికే ఉండాలి. మీకూ ఎవరైనా అలా చెబితే ఒప్పుకోకండి.

ఇంకొకటి, మన ఇళ్ళలో కిచెన్ ఎగ్జాస్ట్ గట్టిది పెట్టించుకుంటాం. పోపు పెట్టినా, వడలు వేయించినా అది ఫుల్ స్పీడులో తిరగాల్సిందే. అది, డ్రైయర్, బాత్రూం ఫ్యాన్లు కలిసి లాగితే స్టవ్ పొగ వెనక్కి వస్తుంది. బాగా చలిగా ఉన్న రోజు బేస్‌మెంట్ కిటికీ కాస్త తెరిచి, అక్కడ అగరుబత్తి పట్టుకుని చూడండి. తర్వాత పైన ఫ్యాన్లన్నీ వేయించి మళ్ళీ చూడండి. పొగ లోపలికి ఎంత గట్టిగా కొట్టుకొస్తే స్టవ్‌కు అంత ఇబ్బంది. బయటి గాలి కిట్ (మంటకు కావాల్సిన గాలిని నేరుగా బయటినుంచి స్టవ్‌కు తెచ్చే పైపు) పెడితే తీరిపోతుందని కొందరంటారు. కొంత సాయం చేస్తుంది కానీ, బేస్‌మెంట్‌లో ఆ పైపు స్టవ్ కన్నా పైకి వెళ్ళి బయటపడాల్సి వస్తుంది. గాలి తిరగబడితే అదే పొగగొట్టం కాగలదు. స్టవ్ మాన్యువల్ ఒప్పుకుంటేనే పెట్టించండి.

మీ బేస్‌మెంట్ గోడలు ఉత్త కాంక్రీటా? అయితే ముందు ఇన్సులేషన్ చేయించండి, లేదంటే వేడిలో చాలా భాగం మట్టిలోకే పోతుంది. పైకి వేడి రావాలని ఫ్లోర్‌కు కన్నాలు కొట్టకండి, మంట పైకి పాకడానికి దారి ఇచ్చినట్టే. మాకు మెట్ల తలుపు తెరిచి ఉంచితే చాలుతోంది. మీకు ముఖ్యంగా పై అంతస్తే వెచ్చబడాలంటే, స్టవ్ ఫ్యామిలీ రూంలో పెట్టించుకోవడమే మేలు.

స్టవ్ విషయానికొస్తే, ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) 2020 పొగ ప్రమాణాలకు సరిపోయి, భద్రతా పరీక్ష లేబుల్ కూడా ఉన్న కొత్తదే తీసుకోండి. గోడకు ఎంత దూరం, కింద ఎలాంటి హార్త్ ప్యాడ్ (స్టవ్ కింద వేసే, నిప్పు అంటని పలక) అన్నది ఆ భద్రతా లేబుల్ మీద, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. భద్రతా లేబుల్ లేని పాత స్టవ్‌కు సాధారణంగా చుట్టూ 36 అంగుళాలు వదలాలి, బేస్‌మెంట్‌లో అంత చోటు దొరకడం కష్టం. సిటీ పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకు ముందే చెప్పండి, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళనూ అడగండి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీతో పనిచేసేది.

కట్టెలు మాత్రం ఇప్పుడే కొని ఆరబెట్టండి. తేమ 20 శాతం లోపు ఉండాలి, ఓక్‌కైతే రెండేళ్ళ దాకా పడుతుంది. పచ్చి కట్టెలతో గొట్టంలో క్రియోసోట్ (తారులాంటి మసి) పేరుకుని, దానికి నిప్పు అంటుకోవచ్చు.

మీ ఇంటి మధ్యలో పైదాకా ఒకే వరసలో క్లోజెట్లు ఉన్నాయా, వాటర్ హీటర్ గొట్టం ఎటు పోతోంది అన్నది రాయండి. చిమ్నీకి దారి ఉందో లేదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.