మోకాలు తెగిన పదహారేళ్ల డిఫెండర్: కలాఫియోరీ దారి మా బాబుకి దొరుకుతుందా?

ప్రశ్న: మా బాబుకి పదహారేళ్లు. సికింద్రాబాద్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఏడేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచున ఆడే డిఫెండర్). జులైలో మ్యాచ్ ఆడుతుంటే మోకాలు మెలిపడి ఏసీఎల్ అనే ముఖ్యమైన లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే కట్టు) తెగింది. ఆగస్టులో ఆపరేషన్ అయింది. వాడి గదిలో ఇటలీ ఆటగాడు కలాఫియోరీ పోస్టర్ ఉంది. "అతనికీ పదహారేళ్లకే మోకాలు పోయింది, అయినా ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ క్లబ్‌కి ఆడుతున్నాడు కదా" అంటాడు. సంక్రాంతికి జరిగే టోర్నమెంటులో దిగుతానని పట్టు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన ఒక ఏజెంటు ఏడు లక్షలు కడితే ఇటలీ క్లబ్బులో చేర్పిస్తానంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో ఇక ఆట చాలు, ఐఐటీ బ్యాచ్‌లో వేసేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ బాబు చెప్పింది నిజమే. కాకపోతే 2018లో గ్రౌండ్‌లో పడిపోయిన పిల్లవాడికీ, 2024లో ఆర్సెనల్ జెర్సీ వేసుకున్న యువకుడికీ మధ్య దాదాపు ఆరేళ్లున్నాయి. మన పిల్లలు ఆ ఆరేళ్లనీ ఫోన్‌లో ఒక నిమిషం వీడియోగా చూసేస్తున్నారు. నేను మీకు ఆ ఆరేళ్లే చెప్తాను. టోర్నమెంటు గురించీ, ఏజెంటు గురించీ, నాన్నగారి భయం గురించీ చెప్పాల్సినదంతా అందులోనే ఉంది.

రికార్డో కలాఫియోరీ 2002 మే 19న రోమ్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి రోమా క్లబ్ అకాడమీలో పెరిగాడు. మీ బాబులాగే లెఫ్ట్ బ్యాక్. 2018 అక్టోబర్ 2న యూత్ లీగ్‌లో చెక్ దేశపు విక్టోరియా ప్లిజెన్ జట్టుతో మ్యాచ్ ఆడుతున్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలింది. మీ బాబుకి తెగింది ఒక్క ఏసీఎల్. అతనికి మోకాలిలోని లిగమెంట్లు వరసగా తెగాయి, ఎముకల మధ్య మెత్తగా ఉండే మెనిస్కస్ కూడా దెబ్బతింది. అప్పటికి వయసు పదహారేళ్ల నాలుగు నెలలు. అదే రోజు రోమా సీనియర్ జట్టు ఛాంపియన్స్ లీగ్‌లో ప్లిజెన్‌ని 5-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టిన ఎడిన్ జెకో, ఆసుపత్రిలో ఉన్న ఆ కుర్రాడిని మరిచిపోకుండా ఆ ఆనందాన్ని అతనికి అంకితమిచ్చాడు. మీ బాబు ఆ వీడియో చూసే ఉంటాడు.

ఆ వీడియోలో కనపడనిది ఆ తర్వాతి ఏడాది. ఆపరేషన్, ఊతకర్రలు, పొద్దున్నే ఫిజియో, తొడ కండ మళ్లీ పట్టేదాకా అదే పని. మళ్లీ మ్యాచ్‌లో అడుగు పెట్టడానికి దాదాపు ఏడాది పట్టింది. సీనియర్ జట్టుకి తొలి మ్యాచ్ 2020 ఆగస్టు 1న, టూరిన్‌లో యువెంటస్ మీద. దెబ్బ తగిలిన రోజు నుంచి లెక్కపెడితే ఇరవై రెండు నెలలు. పైగా అతని వెనక రోమా లాంటి క్లబ్ ఉంది. డాక్టర్లు, ఫిజియోలు, జిమ్ అన్నీ క్లబ్బువే. అన్ని వసతులున్న పిల్లవాడికే అంత కాలం పట్టినప్పుడు, మీ బాబు ఐదో నెలలో టోర్నమెంటు ఆడతాననడం ధైర్యం అనుకోకండి. అది తొందర.

ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి సలహాకి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే ఐదున్నర నెలలకి జిల్లా స్థాయి మ్యాచ్‌లో దిగాడు. నొప్పి లేదు, పరుగెత్తగలుగుతున్నాడు, ఇంకేం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. రెండో హాఫ్‌లో బంతి కోసం పక్కకి తిరిగాడు, ఎవరూ తాకను కూడా లేదు. మళ్లీ అదే మోకాలు. పోవద్దని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది, "డాక్టర్ని ఒకసారి అడగండి" అని ఊరుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే మీకు సూటిగా చెప్తున్నాను: ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల లోపు పోటీ మ్యాచ్ వద్దు. తొమ్మిది నెలలు నిండినా సరే, దెబ్బ తిన్న కాలు రెండో కాలితో సమానంగా బలం పుంజుకుందని ఫిజియో పరీక్ష పెట్టి చెప్పాలి. చిన్న వయసులో మళ్లీ తెగే ప్రమాదం పెద్దవాళ్ల కంటే ఎక్కువ. సంక్రాంతి టోర్నమెంటుకి బాబు వెళ్లనివ్వండి, చూడటానికి.

ఇక ఆ తర్వాతి సంగతి. పిల్లలకి ఎవరూ చెప్పని భాగం ఇదే. మోకాలు బాగయ్యాక కలాఫియోరీ దారి నేరుగా పైకి పోలేదు. 2020 డిసెంబర్‌లో యూరోపా లీగ్‌లో యంగ్ బాయ్స్ మీద దూరం నుంచి కొట్టి తొలి గోల్ చేశాడు. అంతా ఆహా అన్నారు. మరుసటి ఏడాది 2021 అక్టోబర్ 21న, జోసే మౌరిన్యో కోచ్‌గా ఉన్నప్పుడు, రోమా నార్వేలో బోడో/గ్లిమ్ట్ అనే చిన్న క్లబ్ చేతిలో 6-1తో ఓడిపోయింది. ఆ రాత్రి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడింది ఇతనే. డిఫెండర్‌కి అంతకంటే పెద్ద అవమానం ఉండదు. గోల్ కొట్టలేని ఫార్వర్డ్‌ని జనం వారంలో మరిచిపోతారు గానీ ఆరు గోల్స్ ఇచ్చిన డిఫెన్స్‌ని మరిచిపోరు. మూడు నెలలకి, 2022 జనవరిలో, జెనోవా క్లబ్‌కి లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) పంపారు. అక్కడ ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ సీజన్ చివర జెనోవా కింది డివిజన్‌కి పడిపోయింది.

అప్పుడు అతని వయసు ఇరవై. పుట్టి పెరిగిన ఊరి క్లబ్‌లో చోటు లేదు, లోన్‌కి వెళ్లిన చోట ఆట లేదు. ఆ వేసవిలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ క్లబ్‌కి వెళ్లిపోయాడు. రోమా నుంచి స్విస్ లీగ్‌కి అంటే చూసేవాళ్లకి మెట్టు దిగినట్టే. మన ఇళ్లలో అయితే చుట్టాలు "పెద్ద కాలేజీ నుంచి చిన్న కాలేజీకి మారాడట" అనుకునేవాళ్లు. నా దృష్టిలో మాత్రం అతని కెరీర్‌లో అన్నిటికంటే తెలివైన నిర్ణయం అదే. బాసెల్‌లో అతనికి కావలసింది దొరికింది: వారం వారం మ్యాచ్. ఆ సీజన్‌లో బాసెల్ కాన్ఫరెన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఇరవై ఏళ్ల ఆటగాడికి పెద్ద క్లబ్ బెంచీ కంటే చిన్న క్లబ్ గ్రౌండే మేలు. మీ బాబు రేపు ఏ అకాడమీలో చేరాలన్నా, "జెర్సీ మీద ఏ పేరుంది" అని అడగొద్దు, "ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు, ఎన్ని నిమిషాలు" అని అడగండి.

2023 ఆగస్టు చివర బొలోన్యా క్లబ్ అతన్ని సుమారు 40 లక్షల యూరోలకి ఇటలీకి తిరిగి తెచ్చింది. కోచ్ తియాగో మోటా అతన్ని అంచు మీద నుంచి లోపలికి జరిపి సెంటర్ బ్యాక్‌ని (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడిని) చేశాడు. మామూలు సెంటర్ బ్యాక్ కాదు. బంతి తమ జట్టు దగ్గరుంటే డిఫెన్స్ వదిలి మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచి వెళ్లే రకం. చిన్నప్పటి నుంచి లెఫ్ట్ బ్యాక్‌గా పరుగులు తీసి నేర్చిన పాస్, డ్రిబ్లింగ్ అక్కడ పనికొచ్చాయి. ఆ సీజన్‌లో బొలోన్యా అయిదో స్థానంలో నిలిచింది. 1964 తర్వాత మళ్లీ యూరప్ అగ్రస్థాయి పోటీకి చేరింది. యువెంటస్‌తో 3-3 మ్యాచ్‌లో ఇతనే రెండు గోల్స్ కొట్టాడు. మీ బాబుని కోచ్ ఎప్పుడైనా "లోపలికి జరుగు" అంటే అలగకుండా జరగమనండి.

2024 జూన్ 4న జాతీయ జట్టుకి తొలి మ్యాచ్. అదే నెలలో యూరో కప్. స్పెయిన్ మీద బంతి అతని కాలికి తగిలి సొంత గోల్‌లోకే వెళ్లింది, ఇటలీ 1-0తో ఓడింది. నాలుగు రోజులకి క్రొయేషియాతో మ్యాచ్. ఇటలీ ఒక గోల్ వెనక ఉంది. తొంభై నిమిషాలు దాటాక ఇచ్చిన అదనపు సమయంలో ఎనిమిదో నిమిషం, ఇంకో ఊపిరి తీస్తే ఆట అయిపోతుంది. కలాఫియోరీ బంతి తీసుకుని తమ సగంలోంచి మధ్యగా పరుగు మొదలుపెట్టాడు. ఇద్దరు ముగ్గురు మీదికి వచ్చేదాకా ఆగి, తొందరపడి షాట్ కొట్టకుండా, ఎడమ పక్క ఖాళీగా ఉన్న తోటి ఆటగాడు జక్కాన్యీకి వదిలాడు. జక్కాన్యీ వంపు తిప్పి పై మూలకి కొట్టాడు. 1-1, ఇటలీ తర్వాతి రౌండ్‌కి. మీ బాబుతో కూర్చుని ఆ పరుగు ఒకసారి చూడండి. వేగం చూడొద్దు, పాస్ ఇవ్వడానికి ఎంతసేపు ఆగాడో చూడమనండి. ఆ నెల తర్వాత, జులై 29న ఆర్సెనల్ అతన్ని తీసుకుంది.

ఒక మాట దాచకూడదు. ఆర్సెనల్‌లో మొదటి సీజన్‌లోనే మోకాలి దెబ్బలతో అతను రెండుసార్లు ఆటకి దూరమయ్యాడు. ఇంగ్లండ్‌లోని ఖరీదైన వైద్యం ఉన్నా సరే. ఈ ఆటనే నమ్ముకుంటే శరీరం మాట వినని రోజులు వస్తాయని మీ బాబుకి ఇప్పుడే తెలియాలి.

ఇప్పుడు ఏజెంటు విషయం. దయచేసి ఆ ఏడు లక్షలు కట్టకండి. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడం కుదరదు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మారితే ఒకటి. పదహారు దాటినవాళ్లకి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ఒకటి. సికింద్రాబాద్‌లో ఉండే మీ అబ్బాయికి ఇవేవీ వర్తించవు. పద్దెనిమిది నిండాక కూడా, యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి కొత్త ఆటగాళ్లని తీసుకోవడానికి ఇటలీ పెద్ద లీగ్ క్లబ్బులకి పరిమితి ఉంది. ఉన్న ఒకటి రెండు చోట్లని వాళ్లు బ్రెజిల్, అర్జెంటీనా ఆటగాళ్లకి వాడుకుంటారు. ఈ నిబంధన తెలిసి కూడా డబ్బు అడిగేవాడిని నమ్మలేం, తెలియకుండా అడిగేవాడిని అసలే నమ్మలేం. పిల్లవాడి ఆశ మీద ఇలా బేరం పెట్టేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు.

మీ బాబుకి ఇటలీ అంటే మోజు కదా, ఒక సంగతి చెప్పండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి భారత జట్టుని తీసుకెళ్లిన కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. అక్కడ హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం మీ ఊరివాడే, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పోస్టర్ పక్కన ఆ ఫొటో కూడా పెట్టుకుంటే బాగుంటుంది.

నాన్నగారి భయం నాకు అర్థమైంది. ఒక ఏడాది ఆట పోతే వెనకబడిపోతాడు, కాబట్టి ఆపేద్దాం అన్నది ఆయన లెక్క. ఆయనకి ఫెదెరికో గాట్టి గురించి చెప్పండి. ఇతనూ ఇటలీ డిఫెండరే, 1998లో టూరిన్ దగ్గర రివోలిలో పుట్టాడు. ఇల్లు గడవడానికి పదిహేడేళ్లకే భవన నిర్మాణ పనుల్లోకి వెళ్లాడు. పగలు పని, సాయంత్రం ఊరి స్థాయి క్లబ్‌కి ఆట. 2020లో, ఇరవై రెండేళ్లకి, మూడో డివిజన్ చేరాడు. 2021లో ఫ్రోజినోనేతో రెండో డివిజన్. 2022 జనవరిలో యువెంటస్ కొనుక్కుంది. అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్ మీద ఇటలీకి ఆడాడు. డిఫెండర్లు ఆలస్యంగా పండుతారు. ఆట చదవడం వయసుతో వస్తుంది. అందుకే పదహారేళ్లకి ఒక ఏడాది పోవడం పెద్ద నష్టం కాదని ధైర్యంగా చెప్తున్నాను. అయితే గాట్టి లాంటివాడు వేలల్లో ఒకడు. మిగిలినవాళ్లకి బతుకుతెరువు ఇంకోటి ఉండాలి కాబట్టి చదువు విషయంలో నేను నాన్నగారి వైపే. ఇటలీ కెప్టెన్‌గా చేసిన జార్జో కియెల్లీనీ యువెంటస్‌కి ఆడుతూనే టూరిన్‌లో ఎకనామిక్స్ డిగ్రీ చదివాడు, 2017లో బిజినెస్ మాస్టర్స్ పూర్తి మార్కులతో పాసయ్యాడు. అతనూ డిఫెండరే.

కాబట్టి ఎంపీసీ మానొద్దు. ఐఐటీ బ్యాచ్ మాత్రం ఈ ఏడాది వద్దు. పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా బెంచీ మీద కూర్చునే పిల్లవాడికి ఫిజియోకి టైమ్ ఉండదు, మోకాలు బిగుసుకుపోతుంది. మామూలు కాలేజీ, రోజూ ఫిజియో, సాయంత్రం ఒక గంట మ్యాచ్ వీడియోలు. హాజరు తక్కువయ్యేలా ఉంటే ప్రిన్సిపాల్‌ని ఇప్పుడే కలిసి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వండి, పరీక్షల ముందు టెన్షన్ పడొద్దు. లెక్కలు బాగా వచ్చిన పిల్లలకి ఆటల డేటా విశ్లేషణ అనే పని ఇప్పుడు క్లబ్బుల్లో ఉంది. కోచింగ్, రిఫరీ సర్టిఫికెట్లు ఫుట్‌బాల్ సమాఖ్య కింది స్థాయి నుంచి ఇస్తుంది. అవి తర్వాత చూద్దాం.

వచ్చే నెల సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రశ్నలు బాబునే కాగితం మీద రాసుకోమనండి. ఎదిగే వయసు కాబట్టి ఎముక పెరుగుదల ఎలా ఉంది, రెండు తొడల చుట్టుకొలత తేడా ఎంత, పరుగు ఎప్పుడు, బంతితో ప్రాక్టీసు ఎప్పుడు, ఒంటికాలి మీద గెంతే పరీక్ష ఎప్పుడు పెడతారు. మీరు పక్కన కూర్చోండి, అడగడం వాడినే అడగనివ్వండి. డాక్టర్ చెప్పిన తేదీలన్నీ వాడి చేతిరాతతో పోస్టర్ కింద అంటించమనండి. మే నెలలో నాకు మళ్లీ రాయండి.